ఊపిరితిత్తుల వాపు – పంచాయతీల కర్తవ్యము

(చిలమత్తూరులో పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



2020, 2021 సంవత్సరములలో కోవిడు మన పల్లెలలో కలిగించిన భీతిని మీరు మరచి యుండరు. ఆ వ్యాధిలో క్రిమితోపాటు, క్రిమిపై దేహము సాగించిన మితిమీరిన పోరాటము కూడ పలువురి ప్రాణములను హరించినది.

వేరుశనగ చేనిలో అడవిపంది జొరబడినదని ఒకడు కేక వేయును. ఊరివారందరు కఱ్ఱలతో పరుగెత్తుదురు. పంది పారిపోయినను కేకలాగవు. జనుల త్రొక్కుడుకు పైరే నశించును. ఊపిరితిత్తులలో జరుగునదియు నిట్టిదే. ఇంటర్‌ల్యూకిన్-6 అను పదార్థము ఆ కేక వంటిది. దానిని విను చెవుల వంటివి కణములపైనున్న గ్రాహకములు. వాపు మితిమీరినచో గాలితిత్తులలో నీరు చేరి, రక్తమునకు ప్రాణవాయువు చాలినంత అందదు.

టోసిలిజుమాబ్ అను మందు ఆ చెవులను మూయును. బ్రిటనులో జరిగిన 'రికవరీ' పరిశోధనలో 4,116 మంది తీవ్ర రోగులను రెండు తెగలు చేసి, ఒక తెగకు సాధారణ చికిత్సతోపాటు ఈ మందు నిచ్చిరి. 28 దినములలో మందు లేని తెగలో నూటికి 35 మంది, మందు పొందిన తెగలో నూటికి 31 మంది మరణించిరి. 2021 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తీవ్ర కోవిడు రోగులకు ఇట్టి మందులను సిఫారసు చేసినది. ఆ సెప్టెంబరులో హైదరాబాదులోని హెటెరో సంస్థ మందునకు మన దేశమున అత్యవసర వినియోగానుమతి లభించినది.

అయితే దీనిని ఆసుపత్రిలో, వైద్యుని పర్యవేక్షణలో, నరము ద్వారా ఎక్కింపవలెను. ఎవరికి తగునో వైద్యుడే నిర్ణయించును. చౌకయైన డెక్సామెథసోను సైతము ప్రాణవాయువు పెట్టవలసిన రోగులకే మేలు చేసెను. తక్కినవారికి మేలు కానరాలేదు. 2021లో మధుమేహమునకు స్టెరాయిడుల విచ్చలవిడి వాడకము తోడై, పలువురు బ్లాక్ ఫంగసు పాలైరి. కావున అంగడిలో అడిగి తెచ్చిన స్టెరాయిడు మాత్రలను మ్రింగవలదని గ్రామస్థులకు నచ్చజెప్పుడు.

ఎంత గొప్ప మందైనను రోగి ఆసుపత్రి చేరిన పిదపనే పనిచేయును. ఆ చేర్చు పని మీది. ప్రతి పంచాయతీలో పనిచేయు ఆక్సిమీటరు ఒకటి ఉండవలెను. జ్వరము, దగ్గుతో బాధపడువారి వ్రేలికి దానిని తగిలించి చూడవలెను. లెక్క 94 కంటె తగ్గినను, ఆయాసము హెచ్చినను, తెల్లవారువరకు వేచియుండక 108కి ఫోను చేసి, రోగిని హిందూపురము వంటి పెద్దాసుపత్రికి చేర్పించుడు. రాత్రివేళ ఫోను చేయు బాధ్యత ఎవరిదో నేటి సమావేశముననే నిర్ణయించుకొనుడు. ఆ ఒక్క నిర్ణయము ఒక కుటుంబమును నిలుపగలదు.