వారంలో ఒక రోజు మనది కావాలి

(కోటగిరి వాడకట్టులో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మతం మారాలా వద్దా అనే చర్చ మన వాడల్లో ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. ఎప్పుడు మొదలైనా రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతుంది. ఏ మతంలోకి పోవాలి? పోతే సర్టిఫికెట్ ఉంటదా, ఊడుతదా? రెండూ అవసరమైన ప్రశ్నలే. కానీ మూడో ప్రశ్న ఒకటుంది. దాన్ని మనం అడగం. మారిన మర్నాడు పొద్దున లేచి ఏం చేస్తం? పొయ్యి మీద ఏం ఎక్కుతది? ఏ రోజు పనికి పోతం, ఏ రోజు పోము? పిల్లలకు తాతల సంగతి ఏమని చెప్తం?

బాబాసాహెబ్ ఈ ప్రశ్నను మరిచిపోలేదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో శ్రాద్ధం పెట్టను, బాపనయ్యతో కర్మకాండ చేయించను, కల్లు సారా ముట్టను అనేవి ఉన్నాయి. ఇవన్నీ ఇంటి గడప లోపలి సంగతులు. మతం మారడం ఒక్కరోజు పని కాదు, ఏళ్ల తరబడి రోజూ చేసే పని అని ఆయనకు తెలుసు.

ఈ మూడో ప్రశ్నకు మన తెలుగు దళితుల్లోనే ఒక చిన్న గుంపు వింతైన జవాబు వెతుక్కుంది. వాళ్లు యూదులైనారు. ఇవాళ వాళ్ల గురించి మాట్లాడుకుందాం.

మన కోటగిరి, వర్ని, బోధన్ చుట్టూ ఉన్న క్యాంపులకు నిజాంసాగర్ నీళ్ల కోసం గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి రైతులు వచ్చిన సంగతి మీకందరికీ తెలుసు. అదే గుంటూరు జిల్లాలో, చేబ్రోలు దగ్గర, కొత్తరెడ్డిపాలెం అనే ఊరుంది. అక్కడి మాదిగ కుటుంబాలు కొన్ని 1980ల చివర మేము యూదులం అని ప్రకటించుకున్నాయి. ముందు నిలబడింది షమూయేలు యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు. షమూయేలు అంతకుముందు క్రైస్తవ బోధకుడు. 1990ల మొదట్లో ఆ ఊళ్లో సినగాగ్ వెలిసింది. సినగాగ్ అంటే యూదుల ప్రార్థనా మందిరం. తమను తాము బెనె ఎఫ్రాయిము అని పిలుచుకున్నారు, ఎఫ్రాయిము బిడ్డలు అని అర్థం. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వీళ్ల మీద రాసిన పుస్తకం 2013లో అచ్చయింది. వాళ్లు వెళ్లిన నాటికి ఉన్నది నలభై కుటుంబాల వరకే. ఎక్కువమంది వ్యవసాయ కూలీలు.

ఆ కాలం ఎట్లాంటిదో గుర్తు చేసుకోండి. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. చుండూరు ఆనాడు అదే గుంటూరు జిల్లాలో ఉంది. చర్చికి పోయినా మాదిగ క్రైస్తవుడు మాదిగగానే మిగిలాడని కోస్తా వాడలన్నీ తెలుసుకున్న కాలం అది.

అంతకు వందేళ్ల ముందుకు పోదాం. 1876-78 ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు పట్టి, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. ఆ తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలే. ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దలే ఊరూరా తిరిగి వాళ్లను కదిలించారు. చేరినవాళ్లకు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన గొడ్డును తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు.

ఈ మూడింటినీ భక్తి సంగతులనుకుంటే పొరపాటు. చచ్చిన గొడ్డును ఈడ్చి, కోసి, తినడం మాదిగకు ఊరు పెట్టిన వెట్టి. దేవర జాతరకు డప్పు కొట్టడం వెట్టి. వారంలో ఏ రోజైనా పిలిస్తే పోవడం వెట్టి. ఆ మూడు నియమాలు మూడు వెట్టిలకు మూడు ‘పో’లు. అందుకే దొరలకు మండింది. మనోడు ఏ దేవుడికి మొక్కినా వాళ్లకు పట్టదు. ఆదివారం పనికి రానన్నాడంటేనే కడుపుమంట.

ఇక యూదు పద్ధతి ఇంట్లోకి ఎట్లా వస్తుందో చూద్దాం. యూదులు మతంలోకి రమ్మని ఎవరినీ పిలవరు. వస్తామన్నవాణ్ణి మొదట మూడుసార్లు తిప్పి పంపే ఆనవాయితీ ఉంది. నిలబడితే చదువు చెప్తారు. చివరికి ముగ్గురు పెద్దల ముందు నిలబడాలి. మగవాళ్లకు సున్తీ, అందరికీ నీళ్లలో మునక ఉంటుంది. ఈ లోపల ఒక్కో నియమం అలవాటు చేసుకుంటూ పోవాలి. మొదట శుక్రవారం సాయంత్రం దీపం. తర్వాత తిండి. తర్వాత హీబ్రూ అక్షరాలు, ప్రార్థనలు, పండుగలు. మనం బడిలో అ, ఆ తర్వాతనే గుణింతం నేర్పినట్టు.

తిండి సంగతి వినండి. నెమరువేసి, డెక్క చీలిన జంతువును తినొచ్చు. అంటే గొర్రె, మేక, ఆవు, ఎద్దు, బర్రె అన్నీ పనికొస్తాయి. పెద్దకూర తినేవాడు మైలవాడు అని మనకు వేల ఏళ్లుగా చెప్పారు. అదే పెద్దకూర అక్కడ పండుగ భోజనం. కొత్తరెడ్డిపాలెం వాళ్లు పెద్దకూర తినడాన్ని సిగ్గుగా కాక గుర్తింపుగా చెప్పుకున్నారు. కానీ ఉన్నదంతా ఉంచుకోవడం కుదరదు. పంది పనికిరాదు. రొయ్య, పీత, పొలుసు లేని చేప పనికిరావు. కోస్తా మనిషి రొయ్యల కూర వదులుకోవడం చిన్న సంగతి కాదు. నెత్తురు అసలే పనికిరాదు. మాంసాన్ని నీళ్లలో నానబెట్టి, ఉప్పు చల్లి, నెత్తురంతా పోయాకనే వండాలి. మరి మన నల్ల వేపుడు? మానుకోవాల్సిందే. మాంసం తిన్నాక వెంటనే పెరుగన్నం లేదు, గంటల తరబడి ఆగాలి. చచ్చిన గొడ్డు పూర్తిగా నిషేధం. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చెప్పిందీ ఇదే కదా. ఒంగోలు నియమం, మహద్ మాట, యూదుల శాస్త్రం మూడూ ఒక్కచోట కలిశాయి. ఊరు పారేసింది తినం, మేం కోసుకున్నది తింటం.

తోలు సంగతి ఇంకా గమ్మత్తు. మనల్ని అంటరానివాళ్లను చేసింది తోలు. యూదుల తోరాను ఇవాళ్టికీ జంతువు చర్మం మీదనే చేత్తో రాస్తారు. పొద్దుటి ప్రార్థనలో మగవాళ్లు నల్లటి తోలు పట్టెలను చేతికి, తలకు కట్టుకుంటారు. మాదిగ చేతిలో మైల అయిన తోలు అక్కడ నుదుటికెక్కింది! అట్లాగని అక్కడంతా బంగారమని చెప్పం. తోలు శుద్ధి చేసే చోటు ఊరికి యాభై మూరల దూరాన ఉండాలని వాళ్ల పాత ధర్మశాస్త్రంలోనూ ఉంది. కానీ దూరం పెట్టింది ఆ వాసనను. ఆ పని చేసేవాడి బిడ్డను, మనుమణ్ణి, మునిమనుమణ్ణి కాదు.

ఇంకొకటి మనం తప్పకుండా ఆలోచించాలి. పస్కా పండుగ రాత్రి యూదుల ఇంట్లో చిన్నపిల్లవాడు లేచి, ఈ రాత్రి మిగతా రాత్రుల లాగ ఎందుకు లేదని ప్రశ్నలు అడుగుతాడు. పెద్దలు జవాబు చెప్తారు. మనం ఐగుప్తులో బానిసలం, అక్కడి నుంచి బయటపడ్డం అని. చేదు ఆకులు తింటారు, బానిస బతుకు చేదు గుర్తుండాలని. పొంగని రొట్టె తింటారు, పిండి పులిసేదాకా ఆగే తీరిక లేక పారిపోయి వచ్చామని. పిండిలో నీళ్లు పడ్డ 18 నిమిషాల లోపల కాల్చిన రొట్టెనే అది. మన చపాతీకి దగ్గరి చుట్టం.

అన్నలారా, మన ఇండ్లలో ఏం జరుగుతోంది? మా ఇంట్లో బడి మెట్టెక్కిన మొదటి తరం మేమే. ఇప్పుడు పిల్లలకు పాఠం చెప్తున్నాం. వెట్టి అంటే ఏమిటని తరగతిలో అడిగితే మన వాడ పిల్లలు కూడా పుస్తకంలో ఉన్నదే అప్పజెప్తారు. తాత జీతముండి ఎన్నేండ్లు దొర గొడ్లు కాశాడో వాళ్లకు తెలియదు. ఎందుకంటే ఇంట్లో చెప్పరు. సిగ్గు. బానిసత్వం చేయించినవాడు సిగ్గుపడాలి, చేసినవాడు ఎందుకు సిగ్గుపడాలి? యూదులు ఆ సంగతిని పళ్లెంలో పెట్టి, ఏటేటా పిల్లల నోటితోనే అడిగించి చెప్తారు. మనం ఆ మతంలోకి పోకపోయినా ఈ పద్ధతి తెచ్చుకోవచ్చు.

ఇక అసలు సంగతి, విశ్రాంతి రోజు. శుక్రవారం పొద్దుగూకిన దగ్గర నుంచి శనివారం చీకటి పడి చుక్కలు పొడిచేదాకా యూదులు పని చేయరు. నిప్పు కూడా రాజేయరు. వంట శుక్రవారమే కావాలి. ఎందుకీ నియమం? పది ఆజ్ఞలు బైబిల్‌లో రెండుచోట్ల ఉన్నాయి. ద్వితీయోపదేశకాండంలో ఇచ్చిన కారణం మనకోసం రాసినట్టే ఉంటుంది. నువ్వు ఒకప్పుడు బానిసవు, అది గుర్తుంచుకుని నీ దాసుడూ దాసీ కూడా నీతో సమానంగా ఆ రోజు విశ్రాంతి తీసుకోవాలని దాని సారం. ఎద్దుకు, గాడిదకు కూడా సెలవే.

ఈ సెలవే ఒక కులానికి పేరైన చోటు కూడా ఉంది. మన పక్క మహారాష్ట్ర కొంకణ తీరంలో బెనె ఇశ్రాయేలు అనే యూదులు నూనె గానుగ ఆడి బతికారు. శనివారం గానుగ కట్టరు కాబట్టి చుట్టుపక్కల వాళ్లు ‘శనివార తేలి’ అన్నారు. అంటే శనివారం గాండ్లవాళ్లు. గానుగ వాళ్లదే, అందుకే ఆపగలిగారు. కొత్తరెడ్డిపాలెం కూలీకి పొలం ఎవరిది? నాట్లు, కలుపు, కోతలు అన్నీ రైతు చెప్పిన రోజే. శనివారం పోకపోతే ఆ రోజు కూలి పాయె, వచ్చే వారం పిలుపూ పాయె. చెరుకు కొట్టే మనవాళ్లకు ఇది చెప్పనవసరం లేదు. నరికిన చెరుకు ఎండితే తూకం తగ్గుతది. ఇక పండుగ లేదు, వారం లేదు.

అందుకే చెప్తున్నాం, విశ్రాంతి రోజు భక్తితో మాత్రమే రాదు. ఆదివారం సెలవు బొంబాయి మిల్లు కార్మికులకు దేవుడు ఇయ్యలేదు. ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి కొట్లాడితే 1890 జూన్ 10న వచ్చింది. బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా పట్టుబడితే 1946లో ఫ్యాక్టరీ పని వారానికి 54 గంటల నుంచి 48కి దిగింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పర్మనెంటు కార్మికుడికి వారం సెలవు ఉండేది, అదే ఫ్యాక్టరీకి చెరుకు కొట్టిన కూలీకి లేకపాయె. 2015 డిసెంబర్‌లో ఆ ఫ్యాక్టరీ కూడా మూతబడింది. మన ఆడవాళ్ల సంగతి సరేసరి. ఏ మతం సెలవులోనైనా పొయ్యికి సెలవు లేదు. యూదుల ఇంట్లో శనివారం పొయ్యి ఆగుతుంది గానీ శుక్రవారం రెండింతల చాకిరీ ఆమె మీదే పడుతుంది. విశ్రాంతి పంచుకోవాలంటే ముందు పని పంచుకోవాలి. మగవాళ్లు చెవిన పెట్టండి.

మరి యూదులైతే కులం పోతదా? వాళ్ల శాస్త్రంలో ఒక మంచి నియమం ఉంది. మతం మారి వచ్చినవాడి బిడ్డకు మీ పూర్వీకుల సంగతి గుర్తు చేసి నొప్పించవద్దని. మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు అని స్మశానాలు కూడా వేరు చేసుకున్న మనకు ఆ మాట గుచ్చుకోవాలి. కానీ శాస్త్రం ఒకటి, మన దేశం నేల ఒకటి. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్‌లో విడుదలైన బానిసల వంశం వాళ్లను తక్కువవాళ్లుగా చూశారు, లోపల సమంగా కూర్చోనివ్వలేదు. ఆ వంశంలో పుట్టిన లాయర్ అబ్రహాం బరాక్ సేలం (1882-1967) ఆ సినగాగ్‌లోనే సత్యాగ్రహం చేసి హక్కు సాధించాడు. బెనె ఇశ్రాయేలు వాళ్లు ఇశ్రాయేలు దేశానికి పోతే పెళ్లిళ్ల దగ్గర మీరు అసలు యూదులేనా అన్నారు. కొట్లాడితే 1964లో ఒప్పుకున్నారు. మిజోరం, మణిపూర్‌ల బ్నెయ్ మెనాషే వాళ్లను 2005లో అక్కడి ప్రధాన మతపెద్ద ఒకరు గుర్తించారు. బెనె ఎఫ్రాయిముకు ఆ గుర్తింపు రాలేదు. ఆ రాజ్యం పాలస్తీనా ప్రజలకు చేసేదాన్ని మనం ఒప్పుకోం. ఆ మతం వేరు, ఆ రాజ్యం వేరు.

ఇక్కడి ప్రభుత్వం సంగతి? 1950 ఉత్తర్వు ప్రకారం హిందువైతేనే ఎస్సీ. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన దళితుణ్ణి మన దగ్గర బీసీ-సిలో వేశారు. యూదుడి పేరే ఆ ఉత్తర్వులో లేదు. అంటరానితనం పెట్టేటప్పుడు ఊరు నీ మతం అడగదు. హక్కు ఇచ్చేటప్పుడు మాత్రం సర్కారు అడుగుతది.

చివరగా వంశం మాట. బెనె ఎఫ్రాయిము వాళ్లు తాము ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రమని చెప్పుకున్నారు. చాలామంది నవ్వారు. మనం నవ్వం. మాదిగలకు ఆది జాంబవుడి కథ ఉంది. భాగ్యరెడ్డి వర్మ మనం ఆది హిందువులం అన్నాడు. బాబాసాహెబ్ 1948 పుస్తకంలో అంటరానివాళ్లు ఒకప్పటి బౌద్ధులని వాదించాడు. ఊరు మనకు పెట్టిన పుట్టుక కథను ఒప్పుకోనివాళ్లంతా తమ కథను తామే వెతుక్కున్నారు. అయితే గౌరవం కోసం గొప్ప వంశం రుజువు చేయాలా? అక్కర్లేదు. ఏ వంశంలో పుట్టినా మనిషి మనిషే. కొత్తరెడ్డిపాలెం వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది వంశం కాదు, రోజూ చేసే సాధన. నలభై కుటుంబాలు, చేతిలో కొడవలి, పక్కన తెలియని భాష అక్షరమాల. ఎవరూ గుర్తించకపోయినా ఒక్కో నియమం పట్టుకుని నిలబడ్డారు.

మనం ఏ మతంలో ఉన్నా, ఏ మతమూ లేకున్నా మూడు పనులు పెట్టుకుందాం. తినేదాన్ని దాచుకోకుండా తిందాం. తాతల వెట్టి సంగతి ఏడాదికి ఒక రాత్రి, ఏప్రిల్ 14 ముందటి రాత్రి అనుకుందాం, పిల్లలను కూర్చోబెట్టి చెప్దాం. వారంలో ఒక రోజు మాది అని కూలి సంఘంలో కూర్చుని తీర్మానం చేద్దాం. ఒక్కడు పనికి పోకుంటే వాడి కడుపు మాడుతది. వాడంతా పోకుంటే పొలమే ఆగుతది.

జై భీమ్!