మాంట్‌గోమరీలో పది సెంట్ల విలువ



నేను పండితుడను గాను. తూకము, లెక్క నా వృత్తి. కావున అమెరికాలో నల్లజాతివారు సమాన హక్కులకై సల్పిన పోరాటములో ఒక ఘట్టమును వ్యాపారి దృష్టితో మనవి చేసెదను.

అలబామా రాష్ట్రమందలి మాంట్‌గోమరీ నగరమున బస్సు ముందు వరుసలు తెల్లవారివి. నల్లవారు ముందు ద్వారమున చార్జీ చెల్లించి, దిగి, వెనుక ద్వారమున ఎక్కవలెనని డ్రైవర్లు తరచు నిర్బంధించుచుండిరి. అంతలో బస్సు కదలిపోవుటయు కలదు. ప్రయాణికులలో ముప్పాతిక వంతు వారే. కంపెనీని పోషించువారికే కంపెనీలో గౌరవము లేకపోయెను!

1955 మార్చిలో క్లాడెట్ కాల్విన్ అను 15 ఏండ్ల బాలిక సీటు విడువనందున అరెస్టయ్యెను. డిసెంబరు 1వ తేదీన కుట్టుపని చేయు రోజా పార్క్స్‌కును అదియే గతి పట్టెను. ఆ రాత్రియే జో ఆన్ రాబిన్సన్ అను కళాశాల ఉపాధ్యాయిని వేలకొలది కరపత్రములు సిద్ధపరచెను. 5వ తేదీన నల్లవారు బస్సులను బహిష్కరించిరి. ఆనాడే ఏర్పడిన సంఘమునకు 26 ఏండ్ల పాదిరి మార్టిన్ లూథర్ కింగు అధ్యక్షుడయ్యెను.

ఒక దినము బస్సు మానుట సులభము. 381 దినములు మానుట యెట్లు? ఆగ్రహ మొక్కటియే చాలదు, ఏర్పాటు కావలెను. నల్లవారి టాక్సీలు బస్సు చార్జీయైన పది సెంట్లకే జనులను చేరవేసెను. 45 సెంట్లకు తగ్గరాదని అధికారులు పట్టుబట్టిరి. అంతట సుమారు 300 సొంత కార్లు ఈ సేవకు వచ్చెను. వాటి భీమాను కంపెనీలు రద్దు చేయగా, లండను లాయిడ్స్‌లో భీమా కుదుర్చుకొనిరి. వేలమంది నడచియే పనులకు పోయిరి.

జార్జియా గిల్మోర్ అను వంటమనిషి తోడి స్త్రీలతో పిండివంటలు చేసి అమ్మి, వచ్చిన సొమ్మును సంఘమున కర్పించెను. పేర్లు బయటపడినచో తెల్లవారి యిండ్లలో కొలువు పోవును. అందుచే తమ బృందమునకు ఊరూపేరూ లేని సంఘమను అర్థము వచ్చునట్లు పేరిడుకొనిరి.

1956 జనవరిలో కింగు ఇంటిపై బాంబు పడెను. తరువాతి నెలలో సుమారు తొంబదిమందిపై నేరము మోపబడెను. అయినను ఎవరును బస్సెక్కలేదు. తుదకు నలుగురు స్త్రీలు వాదులుగా వేసిన దావాలో బస్సులందలి వేర్పాటు చెల్లదని నవంబరు 13వ తేదీన సుప్రీంకోర్టు ఖాయపరచెను. డిసెంబరు 21వ తేదీన నల్లవారు ముందు వరుసలలో కూర్చుండిరి.

ఆ నలుగురిలో కాల్విన్ ఒకతె. పిన్నవయస్కురాలని నాయకులు తొలుత ఆమెను ముందునకు తేలేదు; కాని కోర్టులో ఆమెయు సాక్ష్యము చెప్పెను. ఆమెపై నాడు వ్రాసిన నేరము 2021లో గాని కొట్టివేయబడలేదు. అరువదియారేండ్ల బాకీ!

తీర్పు కోర్టు ఇచ్చినది, నిజమే. అది వచ్చువరకు నిలువగలిగినది మాత్రము నడచిన కాళ్లవలనను, పిండివంటల డబ్బువలనను. ఏ సంఘపు చిట్టాలోనైనను పెద్ద పద్దులు అందరికిని కనబడును. చిన్న పద్దులను మరచినచో ఆ లెక్క ఎన్నటికిని సరిపడదు.