చూసింది మనది కాదు, దాచుకున్నదే మనది
(పిడుగురాళ్లలో జరిగిన రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఎప్పుడు కూర్చున్నా మనం నీళ్ల గురించి, ధర గురించి మాట్లాడుకుంటాం. సాగర్ కుడి కాలువ చివరి భూములకు తడి అందుతుందా, గుంటూరు యార్డులో మిరప ఎంతకు పోయింది, పత్తికి తేమ ఎంత చూపించారు, ఇవీ మన మాటలు. ఈరోజు మాత్రం ఫోను గురించి మాట్లాడతాం. ఫోనులో కనిపించిన కాగితాన్ని నెట్ లేనప్పుడు కూడా చదువుకునేట్టు దాచుకోవడం గురించి. ఇదేదో చదువుకున్న కుర్రాళ్ల పని అని కొందరికి అనిపించవచ్చు. కాదు. ఇది కూడా నీళ్లూ ధరా లాంటి విషయమే. ఎందుకో చెప్తాం.

పోయిన పత్తి సీజనులో మా దగ్గరకు ఒక కౌలు రైతు వచ్చాడు. పేరు, ఊరు చెప్పం. ఈ-పంటలో మూడెకరాల పత్తి నమోదైనట్టు కొడుకు ఫోనులో తెరిచి చూపించాడు. నిశ్చింతగా ఉన్నాడు. తీరా సరుకు అమ్ముకునే సమయానికి అదే నమోదు ఎకరా ముప్పావు చూపిస్తోంది. ఇదేమిటని అడిగితే "మొదట్నుంచీ ఇంతే ఉందయ్యా" అన్నారు. కాదు అనడానికి అతని చేతిలో ఏముంది? మేమూ వెంట వెళ్లాం, అడిగాం. మా చేతిలోనూ ఏమీ లేదు. మిగిలిన పత్తిని మద్దతు ధర కన్నా తక్కువకు బయట అమ్ముకున్నాడు. తప్పు కంప్యూటరుదో మనిషిదో ఇప్పటికీ తేలలేదు. తెరిచి చూసిన రోజున ఆ పేజీని దాచి ఉంటే, కనీసం నిలబడి వాదించేవాళ్లం.

మన తాతలు చదువుకోలేదు. అయినా పట్టా కాగితం, శిస్తు రసీదు, యార్డులో కాటా చీటీ అన్నీ ట్రంకు పెట్టెలో అడుగున పెట్టి తాళం వేసేవాళ్లు. తగాదా వచ్చిన రోజున ఆ పెట్టె తెరిచేవాళ్లు. కాగితం తమ దగ్గర ఉంటేనే మాట చెల్లుతుందని వాళ్లకు తెలుసు. ఇప్పుడు ఆ కాగితాలన్నీ తెర మీదికి వచ్చాయి. 2015 నుంచి అడంగల్, 1బి మీభూమిలో చూస్తున్నాం. పంట నమోదు, పథకం డబ్బు, పత్తి అమ్మకానికి స్లాటు, అన్నీ ఫోనులోనే. చూడటం సులువైంది, నిజమే. కానీ పెట్టె మన ఇంట్లో లేదు, తాళం మన దగ్గర లేదు. అందులో ఏది ఎప్పుడు మారిందో మనకు ఎవరూ చెప్పరు.

ఇది అనుమానంతో అంటున్న మాట కాదు. జరిగినవే చెప్తాం.

మన రాష్ట్రంలో ప్రభుత్వ జీవోలు 2008 నుంచి వెబ్‌సైటులో అందరికీ కనిపించేవి. నష్టపరిహారం జీవో వస్తే రైతు కూడా తెరిచి చదువుకునేవాడు. 2021 ఆగస్టులో ఆ పద్ధతి ఆపేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పెట్టడం మొదలైంది. ఆ మధ్య కాలంలో, జీవో నంబరు తెలిసినా కాపీ కోసం తిరిగిన సంఘాల్లో మనమూ ఉన్నాం. అంతకుముందే దించి పెట్టుకున్నవి మాత్రం మనకు అక్కరకొచ్చాయి.

పథకాల సంగతి చూడండి. 2019 ఫిబ్రవరిలో అన్నదాతా సుఖీభవ. అదే ఏడాది అక్టోబరులో రైతు భరోసా. 2024 ఎన్నికల తర్వాత మళ్లీ అన్నదాతా సుఖీభవ. రైతు భరోసా కేంద్రం రైతు సేవా కేంద్రమైంది. బోర్డు మీద పేరు మారినప్పుడు ఫోనులో పేజీ కూడా మారుతుంది. పాత పేజీలో మీకు డబ్బు పడినట్టో, తిరస్కరించినట్టో, ఏ కారణం రాశారో, ఆ వివరం ఎవరి దగ్గర ఉంటుంది? మీ దగ్గర ఉండాలి.

భూమి మాట అంతకన్నా పెద్దది. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం నంబరు వచ్చింది. కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురి భూమి ఒకే నంబరు కింద పడింది. విస్తీర్ణం నాలుగు సెంట్లు తగ్గిందని ఒకరు, గట్టు జరిగిందని ఒకరు వస్తున్నారు. అప్పుడు అధికారి అడిగే మొదటి ప్రశ్న "అంతకుముందు ఎంత ఉండేది?" అని. పాత అడంగల్ కాపీ ఉన్నవాడు జవాబు చెప్తాడు. లేనివాడు ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. భూహక్కుల చట్టం మీద 2024లో అంత భయం ఎందుకు పుట్టింది? మన భూమి రాత మన చేతిలో ఉండదేమో అనే కదా. ఆ చట్టం రద్దయింది. కానీ రాత మన చేతిలో పెట్టుకునే పని మాత్రం మనం ఇంకా మొదలుపెట్టలేదు.

ఇక నెట్ లేకపోవడం. సిగ్నల్ అందని పొలాల సంగతి మీకు తెలిసిందే. కరెంటు పోతే టవరు పోతుంది, తుపాను వస్తే రెండూ పోతాయి. 2025 అక్టోబరు చివర్లో మొంథా వచ్చినప్పుడు చూశాం. సరిగ్గా నష్టం లెక్క రాసే రోజుల్లోనే ఫోను పలకదు. సిగ్నల్ పోవడమే కాదు, ఆపేయడం కూడా ఉంది. 2021 జనవరి 26న, ఆ తర్వాతి రోజుల్లోనూ ఢిల్లీ సరిహద్దుల్లో సింఘు, టిక్రీ, ఘాజీపూర్‌లలో రైతులు కూర్చున్నచోట ఇంటర్నెట్ ఆపేశారు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో ఆపేశారు. నెట్ ఉంటుందనే నమ్మకంతో కాగితాలు దాచుకోకపోతే, అవసరమైన రోజునే ఖాళీ చేతులతో నిలబడతాం.

మరి ఎలా దాచుకోవాలి? మూడు దారులున్నాయి.

మొదటిది అందరికీ వచ్చిందే, స్క్రీన్‌షాట్. పేజీ పొడుగ్గా ఉంటే రెండు మూడు ముక్కలుగా తీయండి. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, తేదీ తెగిపోకుండా చూసుకోండి.

రెండవది, మేం అందరికీ చెప్పేది, పీడీఎఫ్. క్రోమ్‌లో పేజీ తెరిచాక పక్కన మూడు చుక్కలు నొక్కండి. షేర్, తర్వాత ప్రింట్. ప్రింటర్ ఉండనక్కర్లేదు. పైన సేవ్ యాజ్ పీడీఎఫ్ అని ఎంచుకుంటే పేజీ మొత్తం ఒక ఫైలుగా ఫోనులో చేరుతుంది. నెట్ సెంటరులో తీయిస్తే ప్రింట్ పెట్టేటప్పుడు హెడర్స్ అండ్ ఫుటర్స్ అన్నదానికి టిక్ పెట్టమని అడగండి. కాగితం పైనా కిందా తేదీ, వెబ్‌సైటు చిరునామా వస్తాయి. ఆ రెండూ లేని కాగితానికి బలం తక్కువ.

మూడవది, అదే మూడు చుక్కల దగ్గర కిందికి చూపే బాణం గుర్తు. అది నొక్కితే పేజీ డౌన్‌లోడ్స్‌లో ఉంటుంది, నెట్ లేకుండా చదువుకోవచ్చు. పురుగు మందుల మోతాదులు, సాగు పద్ధతుల లాంటి పేజీలకు ఇది బాగుంటుంది. అంకెలు, అక్షరాలు కొట్టి తెరిచే అడంగల్ లాంటి పేజీలకు దీన్ని నమ్ముకోవద్దు, పీడీఎఫే తీయండి.

ఏ దారిలో దాచినా ఒక పరీక్ష చేయండి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఫైలు తెరవండి. తెరుచుకుంటే దాచినట్టు. లేకపోతే దాచామని అనుకున్నట్టు, అంతే.

ఫైలుకు పేరు పెట్టండి. సర్వే నంబరు, కాగితం పేరు, తేదీ, ఈ మూడూ ఉంటే చాలు. ఫోను పోతుంది, నీళ్లలో పడుతుంది. కాబట్టి ఇంట్లో ఇంకొకరి ఫోనులో ఒక కాపీ, ముఖ్యమైనవి జిరాక్స్ తీసి ట్రంకు పెట్టెలో ఒక కాపీ. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి, అక్షరాలు మసకబారవు.

అందరికీ సంబంధించిన పేజీలను, అంటే జీవోలు, మార్గదర్శకాలు, ధరల పట్టికల్లాంటివాటిని, లోకమంతటికీ కనిపించేట్టు దాచే చోటు కూడా ఉంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ 1996 నుంచి వెబ్ పేజీలను దాచిపెడుతోంది. దాని వేబ్యాక్ మెషీన్‌లో పేజీ చిరునామా ఇచ్చి సేవ్ చేయమంటే, ఏ తేదీన ఆ పేజీ ఎలా ఉందో అక్కడ నిలిచిపోతుంది. ఆ పని ఊరికొక కుర్రాడు చేసినా చాలు. కానీ మీ పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా ఉన్న పేజీని మాత్రం అక్కడ పెట్టకూడదు. వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకూడదు. ఇంకో జాగ్రత్త. పథకం పేరు పెట్టి ఏపీకే అని చివర ఉండే ఫైలు ఎవరైనా పంపితే తెరవొద్దు. అది కాగితం కాదు, ఖాతా ఖాళీ చేసే దొంగ.

దాచుకున్నంత మాత్రాన గెలిచినట్టేనా? కాదు, అబద్ధం చెప్పం. స్క్రీన్‌షాట్ చూపించగానే ఏ అధికారీ తల ఊపడు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే దానికి సర్టిఫికెట్ జతచేయాలి. అధికారికంగా చెల్లే అడంగల్ కావాలంటే వేరుగా తీసుకోవాల్సిందే. మరి మన కాపీ ఎందుకు? అర్జీలో "తగ్గించారు" అని రాయడం వేరు, "ఫలానా తేదీన మూడెకరాలు చూపింది, ఈరోజు ఎకరా ముప్పావు చూపుతోంది, మధ్యలో ఎవరి ఉత్తర్వుతో మార్చారు" అని రాయడం వేరు. 2005 సమాచార హక్కు చట్టం కింద రెండో ప్రశ్నకు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మొదటిదాన్ని పక్కన పడేస్తారు.

కౌలు రైతులకు ఇది మరీ ముఖ్యం. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు 11 నెలలే. దానికి భూమి యజమాని ఒప్పుకోవాలి, సంతకం పెట్టాలి. చాలామందికి ఆ కార్డూ లేదు. అలాంటివాళ్లకు ఆ చేను తామే సాగు చేశామని చెప్పుకోవడానికి ఈ-పంటలో పడిన ఒక్క వరుసే ఆధారం. పరిహారమైనా, అమ్మకమైనా దాని మీదే. ఆ ఒక్క వరుసను కూడా దాచుకోకపోతే, ఏడాదంతా చేసిన సేద్యానికి గుర్తే ఉండదు.

అమ్మకం దగ్గరా అంతే. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటితే కోత పెరుగుతుంది, 12 దాటితే కొనరు. సీసీఐ పత్తి అమ్మకానికి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు తీసుకోవాలి. స్లాటు దొరికిన తెరను, ధర నిబంధనల పేజీని దాచుకుని వెళ్లండి. కాటా దగ్గర సిగ్నల్ లేకపోయినా కాగితం తీసి "ఇదిగో" అనొచ్చు. 2025 ఫిబ్రవరిలో మిరపకు కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించినప్పుడు, ఆ ఉత్తర్వు చేతిలో ఉన్నవాళ్లు ఎంతమంది? ధర విన్నాం, షరతులు చదవలేదు.

కాబట్టి సంఘం తరఫున మూడు పనులు అడుగుతున్నాం. వచ్చే ఖరీఫ్‌కు ముందే ప్రతి ఇంట్లో అడంగల్, 1బి పీడీఎఫ్ తీసి పెట్టండి. ఈ-పంట నమోదైన రోజున, మళ్లీ జాబితా ఖరారైన రోజున, రెండుసార్లూ పేజీ దాచండి. ప్రతి గ్రామ కమిటీ ఒక చదువుకున్న పిల్లనో పిల్లవాణ్నో పిలిచి, ఫోను వాడటం రాని పెద్దవాళ్లకు, ఒంటరి ఆడవాళ్లకు ఈ పని చేసిపెట్టే బాధ్యత అప్పగించండి. దీనికి పైసా ఖర్చు లేదు.

రాతలు సరిగా ఉంచాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే. మార్చినప్పుడు రైతుకు చెప్పాలని, పాత వివరం కూడా కనిపించేట్టు ఉంచాలని మనం అడుగుతూనే ఉంటాం. ఆ పోరాటం ఆగదు. కానీ అడగడానికి వెళ్లేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్లొద్దు. ఈ సభ అయ్యాక బయట బల్ల దగ్గర మన కుర్రాళ్లు కూర్చుని ఉంటారు. పాసు పుస్తకం ఉన్నవాళ్లు దాన్ని, లేనివాళ్లు సర్వే నంబరు గుర్తు తెచ్చుకుని రండి. ఇంటికి వెళ్లేలోపు మీ ఫోనులో మీ కాగితం ఉండాలి.

సెలవు.