బోరునకు ఏ మోటారు?



నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టలలో రాతిబోర్లే దిక్కైనవి. మోటారు ఎంపికలో పొరపడినచో నడివేసవిలో పైరెండును, ఊరి ట్యాంకు ఎండును.

ఒడ్డున నిలుపు మోనోబ్లాకు పంపు ఏడెనిమిది మీటర్లకు మించి నీటిని పీల్చజాలదు. చెడినచో విప్పుట మాత్రము సులభము. లోతుబోరునకు సబ్‌మెర్సిబులే తగును. చుట్టునున్న నీరే దానిని చల్లార్చును గనుక, బోరెండినను తిరుగుచున్నచో వైండింగు కాలును.

సింగిల్ ఫేజు మోటారు కదలుటకు కెపాసిటరు కావలెను. త్రీ ఫేజు మోటారు స్వయముగా కదలును గాని, ఒక ఫేజు పోయినచో వేడెక్కి కాలును. స్టార్టరులో రక్షణ ఉండి తీరవలెను.

మేము మరీ నొక్కి చెప్పునది అశ్వశక్తిని గూర్చి. పొరుగువాడు 5 పెట్టెను గనుక మనము 7.5 పెట్టుదమనుట మనవారి పాత పోటీ! పెద్ద మోటారు రాతిలో లేని నీటిని తేజాలదు. 2018 జనవరి 1 నుండి సాగుకు 24 గంటల ఉచిత విద్యుత్తు వచ్చెను. కరెంటున్నంతసేపు బోరున నీరుండదు గదా. కొనుటకు ముందే బోరు గంటకెంత నీరిచ్చునో కొలిపించి, ఆ చీటీతో దుకాణమునకు వెళ్లుడు.