మాంకేటో సిస్టర్ల వార్ధక్యం

జీవితమంతా బడిపిల్లల మధ్య గడిపిన ఒక ఉపాధ్యాయిని పేరిట జరుగుతున్న ఉపన్యాసం కనుక, నేనూ పంతులమ్మల కథే ఎంచుకున్నాను. వీళ్లు అమెరికాలోని కేథలిక్ సన్యాసినులు. 1833లో బవేరియాలో ఆడపిల్లల చదువు కోసం మొదలై, 1847లో అమెరికా చేరిన ‘స్కూల్ సిస్టర్స్ ఆఫ్ నోత్రదామ్’ సంఘం వీరిది.

ఏ జబ్బు ఎవరికి ఎందుకు వస్తుందో లెక్కలు కట్టే శాస్త్రజ్ఞుడు డేవిడ్ స్నోడన్ 1986లో మినెసోటా రాష్ట్రంలో, మాంకేటో ఊళ్లోని వీరి కాన్వెంటులో అడుగుపెట్టాడు. ముసలితనం మీద పరిశోధన చేసేవారికి ఒక పెద్ద చిక్కుంది. ఒకరు పొగ తాగుతారు, ఒకరు తాగరు. ఒకరికి డబ్బుంటుంది, ఒకరికి పూట గడవదు. ఏది దేనివల్ల జరిగిందో తేలదు. సిస్టర్లది ఒకే వంటశాల, ఒకే వైద్యం, ఒకే వృత్తి. పెళ్లీ కాన్పులూ లేవు, పొగ అలవాటు లేదు. ఇన్ని సమానంగా ఉన్నా ఒకరు తొంభై దాటి చురుగ్గా ఉంటే మరొకరు డెబ్బై అయిదుకే మనుషుల్ని పోల్చుకోలేకపోతున్నారంటే, కారణం ఇంకెక్కడో వెతకాలి.

ఆ వెతుకులాటలో ఆయన వారిని చాలా పెద్ద కోరికే కోరాడు. ఏటా పరీక్షలకు కూర్చోవాలి, చనిపోయాక మెదడు ఇచ్చేయాలి. అర్హులైన వారిలో మూడింట రెండు వంతుల మంది, 678 మంది, ఒప్పుకున్నారు. అప్పటికి వారి వయసు 75 నుంచి 102. పిల్లల్ని కనని ఈ స్త్రీలు ఎవరి పిల్లల కోసమో తమ మెదళ్లు రాసిచ్చారు. ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఈ సంతకాలే.

ఏటేటా జరిగే పరీక్ష చూడటానికి చిన్నదే. పది మాటలు చదివించి, కాసేపయ్యాక ఎన్ని గుర్తున్నాయో అడుగుతారు. ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చూస్తారు. అరవై ఏళ్లు పిల్లల చేత పాఠాలు అప్పజెప్పించుకున్నవారు ఇప్పుడు తాము అప్పజెప్పారు.

అసలు నిధి మాత్రం కాన్వెంటు రికార్డుల్లో దొరికింది. 1930 సెప్టెంబరులో మదర్ సుపీరియర్ ఒక ఉత్తరం రాసి, ప్రతి సిస్టరూ తన జీవితం గురించి ఒక్క కాగితం మీద, రెండు మూడు వందల మాటల్లో రాసివ్వాలని కోరింది. తల్లిదండ్రులు, పుట్టిన ఊరు, చదివిన బడి, మఠంలో చేరడానికి కారణాలు. రాసినప్పుడు వారి వయసు సగటున 22. దాదాపు ఆరు దశాబ్దాల తర్వాత, భాషాశాస్త్రవేత్త సూసన్ కెంపర్‌తో కలిసి స్నోడన్ బృందం 93 మంది రాతలు పరిశీలించింది. ప్రతి పది మాటల్లో ఎన్ని భావాలు ఇమిడాయో లెక్కపెట్టారు. భావాలు పలచగా ఉన్నవారికే ముసలితనంలో జ్ఞాపకశక్తి, ఆలోచన ఎక్కువగా దెబ్బతిన్నాయి. అప్పటికి చనిపోయిన 14 మంది మెదళ్లు చూస్తే, పలచగా రాసిన వారందరిలోనూ అల్జీమర్స్ కనిపించింది. చిక్కగా రాసిన వారిలో ఒక్కరిలోనూ లేదు. 1996లో అచ్చయిన ఫలితమిది.

పద్నాలుగు మంది చిన్న లెక్క. పైగా బాగా రాయడం వల్ల మెదడు నిలబడిందా, లేక జబ్బు నీడ ఇరవై రెండో ఏటే రాతమీద పడిందా అన్నది ఈ కాగితాలు తేల్చవు. దీన్ని పట్టుకుని పిల్లల వ్యాసాలు చూసి జాతకం చెప్పడం అన్యాయం. 2001లో అవే రకం రాతలు 180 తీసుకుని సంతోషం, కృతజ్ఞత పలికే మాటలు లెక్కించారు. అవి బాగా తక్కువగా ఉన్నవారికి, బాగా ఎక్కువగా ఉన్నవారితో పోలిస్తే మరణ ప్రమాదం 2.5 రెట్లు. పత్రికలు ఎక్కువగా ఎత్తుకున్నది దీన్నే.

నేను మాత్రం వీరిలో ఒకరైన సిస్టర్ మేరీ దగ్గర ఆగుతాను. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. పంతొమ్మిదో ఏట పంతులమ్మ అయింది. వేసవి సెలవుల్లో 22 ఏళ్లపాటు పాఠాలు చదివి, 41వ ఏట హైస్కూలు పట్టా అందుకుంది. 84వ ఏటి వరకూ బడి వదల్లేదు. నూరు దాటాక కూడా పరీక్షల్లో మంచి మార్కులే. 101 ఏళ్లకు కన్నుమూసింది. మెదడు తూకం వేస్తే 870 గ్రాములే. సూక్ష్మదర్శినిలో చూస్తే అల్జీమర్స్ గుర్తులైన ముద్దలూ చిక్కులూ పుష్కలంగా ఉన్నాయి. మెదడులో జబ్బు ఉంది, మనిషిలో లేదు.

ఇదెలా సాధ్యమో కొంతవరకు 1997లో తేలింది. కాలేజీ చదువున్న 102 మంది సిస్టర్ల మెదళ్లలో 61 మందివి అల్జీమర్స్ లెక్కకు వచ్చాయి. ఆ 61 మందిలోనూ, మెదడు లోపలి భాగాల్లో చిన్న రక్తనాళాలు మూసుకుపోయి ఒకటి రెండు మచ్చలు పడ్డవారికి మతి తప్పే అవకాశం, అలాంటి మచ్చల్లేని వారికన్నా 20 రెట్లు ఎక్కువ. ముద్దల్ని తీసేసే ఉపాయం అప్పటికి ఎవరి చేతిలోనూ లేదు. రక్తనాళాల సంగతి వేరు. బీపీ మాత్రలు అప్పటికే ఊరూరా మందుల షాపుల్లో దొరుకుతున్నాయి.