నాయన జేబు గడియారం

(సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించీ మెడికల్ కార్డుల గురించీ ఇందాక వక్తలు చెప్పారు. నేను ఈ చిన్న డబ్బాలో ఉన్న వస్తువు గురించి చెప్తాను.

మా నాయన గార్డు. నేనూ ఈ రేణిగుంటలోనే గార్డుగా రిటైరయ్యాను. రూలు మీకు తెలిసిందే. బండి కదిలేముందు గార్డు తన గడియారాన్ని స్టేషన్ గడియారంతో కలిపి, ఆ టైము డ్రైవరుకు చెప్పాలి. రోజూ 16.00 గంటలకు పెద్ద స్టేషన్లన్నిటికీ టైము అందేది. ఇప్పటి ప్రామాణిక కాలం 1906లో వచ్చింది. అంతకుముందు రైళ్లకు మద్రాసు టైమే. ఇప్పటికంటే దాదాపు 9 నిమిషాలు వెనక.

నాయన గడియారం డయలు మీద 'పి. ఓర్ అండ్ సన్స్, మద్రాస్' అని ఉంటుంది. అది మద్రాసులోనే తయారైందని చిన్నప్పుడు నమ్మాను. వెనక మూత తీస్తే లోపల స్విట్జర్లాండు పేరు! పీటర్ ఓర్ 1843లో స్కాట్లండు నుంచి మద్రాసు చేరిన గడియారాల పనివాడు. పోనీ, జెనీవాలో ఈ విద్య పెరిగింది స్థానికుల చేతిలోనేనా అంటే, అదీ కాదు. 16వ శతాబ్దంలో మతం కారణంగా ఫ్రాన్సు విడిచిన ప్రొటెస్టెంట్లలో కంసాలులు, గడియారాల పనివాళ్లు జెనీవా చేరారు. అక్కడ కాల్విన్ నగలు వద్దన్నాడు. నగల పని పోయిన చేతులు గడియారాల వైపు మళ్లాయి. 1685లో పద్నాలుగో లూయీ వాళ్లకున్న కాస్త రక్షణా తీసేస్తే మరికొందరు లండనుకూ జెనీవాకూ తరలిపోయారు. ఇప్పుడు లక్షలు పలికే పాటెక్ ఫిలిప్ కంపెనీ పాటెక్ ఎవరు? పోలండులో 1830-31 తిరుగుబాటు ఓడిపోయాక దేశం విడిచినవాడు. 1839లో ఆయనతో కలిసిన చాపెక్ కూడా వలసవచ్చినవాడే. పొలాన్నీ ఇంటినీ మోసుకుపోలేరు గదా. పట్టకారు, ఆకురాయి, భూతద్దం అయితే మూటకట్టుకోవచ్చు.

ఇక నా సంగతి. 1974, సమ్మె జరిగిన ఏడాది, చెల్లెలి పెళ్లి. చేతిలో డబ్బు లేదు. నాయన గడియారం తీసి నా చేతిలో పెట్టాడు. అంగడివాడు వెండి కేసు తూకం వేసుకున్నాడు. లోపలి యంత్రం "మాకెందుకు" అని కాగితంలో చుట్టి నాకే ఇచ్చాడు. అంత మంచి పనితనానికి వెల లేదు, మూతకు ఉంది! ఆ తర్వాత కూడా రాత్రి తొమ్మిదయితే నాయన చేయి జేబులోకి పోయేది, కీ ఇవ్వడానికి. పోయేదాకా అంతే. నేను చూడనట్టు ఉండేవాణ్ణి.

మీ ఇళ్లలో ఇలాంటివి ఉంటే తూకానికి ఇచ్చేముందు వెనక మూత తీసి లోపలి పేరు చదవండి. దయచేసి మీరే నూనె వేయకండి, కొబ్బరినూనె అసలే వద్దు. నేను వేసి చెడగొట్టాను.

పోయిన నెల తిరుపతిలో ఒక ముసలి రిపేరరు దాన్ని విప్పి, కడిగి, నడిపించాడు. కేసు లేదు గనుక ఈ డబ్బాలోనే పెట్టుకున్నాను. నిన్న సాయంత్రం 16.00 గంటలకు మన స్టేషన్ గడియారంతో కలిపాను. ఈ ఉదయం చూస్తే మూడు నిమిషాలు వెనక ఉంది. చెల్లెలు ముందు వరుసలోనే ఉంది, ముందు ఆమెకు ఇస్తాను. తర్వాత అందరూ చూడండి.