నవంబర్ 9 మనకు చెప్పేది



తేదీలో శుభమూ లేదు, అశుభమూ లేదు. ఆ రోజున మనుషులు ఏమి చేశారన్నదే చరిత్ర. నవంబర్ 9ని మీ ముందు ఉంచడంలో మా ఉద్దేశం ఇదే.

1938 నవంబర్ 9 రాత్రి జర్మనీలో యూదుల ప్రార్థనాలయాలు తగులబడ్డాయి. పారిస్‌లో ఒక యూదు యువకుడు జర్మన్ దౌత్యాధికారిని కాల్చి చంపాడన్నది సాకు. ఒక్కడు చేసిన నేరాన్ని సమాజం మొత్తానికి అంటగట్టారు. వేలాది దుకాణాలను ధ్వంసం చేశారు. సుమారు 30,000 మంది పురుషులను నిర్బంధించి శిబిరాలకు తరలించారు. పోలీసులు చూస్తూ నిలబడ్డారు. ఆపై నష్టపోయిన యూదుల మీదనే వంద కోట్ల మార్కుల జరిమానా విధించారు. వారికి రావలసిన బీమా సొమ్మును సైతం ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఈ క్రమాన్ని మనం కంఠస్థం చేయాలి: ముందు సాకు, పిదప దాడి, చివరకు బాధితుడికే శిక్ష.

1989 నవంబర్ 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. 28 ఏళ్లు నగరాన్ని చీల్చిన ఆ గోడను సైన్యాలు కాదు, నిరాయుధులైన సామాన్యులు దాటారు. సరిగ్గా అదే రోజున అయోధ్యలో, వివాదం న్యాయస్థానంలో ఉండగానే, మందిరానికి శిలాన్యాసం జరిగింది. మూడేళ్లు దాటగానే బాబ్రీ మసీదును కూల్చివేశారు.

2019 నవంబర్ 9న సుప్రీంకోర్టు ఆ స్థలాన్ని మందిరానికి అప్పగించి, మసీదుకు వేరొకచోట ఐదెకరాలు ఇమ్మన్నది. అయితే 1949లో మసీదులో విగ్రహాలు పెట్టడమూ, 1992లో దానిని కూల్చడమూ చట్టవిరుద్ధమేనని అదే తీర్పు నమోదు చేసింది. మనకు దక్కిన మాట అది. దానిని మరుగున పడనీయరాదు. ఆనాడే కర్తార్‌పూర్ నడవా ప్రారంభమై, సిక్కు యాత్రికులు వీసా లేకుండానే సరిహద్దు దాటి గురునానక్ చివరి ఏళ్లు గడిపిన చోటికి చేరుకున్నారు. పాలకులు తలచుకుంటే ఇతరుల ప్రార్థనా స్థలానికి దారి వేయగలరని కూడా ఆ తేదీయే చూపింది.

మేము మిమ్మల్ని కోరేవి రెండే. బాధితుడి మతం అడిగి కన్నీరు కార్చకండి. యూదుల ఇళ్లు కాలిన రాత్రిని మన పిల్లలకు మన గాయంతో పాటే చెప్పండి. ఒక్కడి తప్పును అందరికీ అంటగట్టే మాట మన నోట కూడా రాకుండా చూసుకోండి. ఇక రెండవది: మసీదు, ఖబరస్తాన్, వక్ఫ్ భూముల దస్తావేజులను భద్రపరచండి, దాడి జరిగితే ఆనాడే ఫిర్యాదు రాసి, సాక్షుల పేర్లు నమోదు చేయించండి. కన్నీటికి న్యాయస్థానంలో విలువ లేదు, కాగితానికి ఉంది.

న్యాయం కోసం నిలబడే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.